కాళ్ళాపితే ఒప్పుకోని సైకిలు

ఇప్పుడు మా వీధిలో ఇంటర్ చదివే పిల్ల హారన్ కొట్టుకుంటూ స్కూటీ మీద పోతుంటే ఎవరూ తల తిప్పి చూడరు. ఆ రోజుల్లో అలా కాదు. ఆడపిల్ల సైకిలెక్కిందంటే అరుగుల మీద కూర్చున్న ప్రతివాళ్ళూ దానికి పెద్దదిక్కయిపోయేవారు. "హేండిలు సూసుకోయే", "సున్నీ సూసుకోయే", "ముందర గేదొత్తంది సూసుకోయే" అని ఒకటే అరుపులు. ఇన్ని చూసుకున్నాక ఇక రోడ్డు చూసుకోవడానికి కళ్ళెక్కడ మిగుల్తాయి చెప్పండి! నేను సైకిలు మీంచి పడ్డానంటే సగం పాపం ఆ సలహాలదే. మిగతా సగం నాదని అంటారేమో, ఒప్పుకోను. అది లారీది.

ఆ లారీ కథ చెప్పకపోతే మీకు మా నాన్న అర్థం కాడు. నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్టులో కాటా వేసేవాడు. రైతు మొహమూ చూడడు, వర్తకుడి మొహమూ చూడడు, ముల్లు ఎక్కడ నిలిస్తే ఆ మాటే చెప్తాడు. డిగ్రీ చదివే రోజుల్లో నేనొకసారి అద్దె సైకిలు తీసుకుని సరిగ్గా ఆ మార్కెట్టు గేటు ముందే పడ్డాను. నా తలకీ లారీ చక్రానికీ మధ్య జానెడు ఎడం. నేను మోకాళ్ళు దులుపుకుని లేచి నవ్వేశాను (పదిమందిలో పడినప్పుడు నవ్వేయడం మర్యాద కదా). కాటా దగ్గర నిలబడి కళ్ళారా చూసిన నాన్న మాత్రం నవ్వలేదు. చాలా రోజులు నాతో మాట్లాడనే లేదు.

అలాంటి ఇంట్లో, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నాకు ఉద్యోగం వచ్చింది. కొండకర్ల వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో ప్రైవేటు బడి. వేసవి సెలవులయ్యాక టీచరుగా చేరాలి. హెడ్మాస్టరు గారు మొహమాటం లేకుండా చెప్పేశారు: "ప్రార్థన గంట కొట్టేసరికి నువ్వు వరసలో ఉండాలమ్మా. లేదంటే ఈ ఊళ్ళోనే ఇంకో అమ్మాయి కాచుకుని ఉంది." బస్సు ఉంది గానీ అది ప్రార్థన అయిపోయాక తీరిగ్గా వచ్చేది. ఆటోలు నిండితే గానీ కదలవు. నిండడమంటే డ్రైవరుకి కూడా కూర్చునే చోటు లేకపోవడం. ఇక మిగిలింది సైకిలే. ఆ మాట ఎత్తగానే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఇంట్లో ఉన్న ఒక్క పాత సైకిలు నాన్న మార్కెట్టుకే సరి, కొత్తది కొనే స్తోమతు లేదు, ఉన్నా కొనడని నాకు తెలిసిపోయింది. నాకేమో ఆ ఉద్యోగం తప్ప ఇంకేమీ కనబడడం లేదు. జీవితంలో మొదటిసారి నన్ను ఎవరో "టీచరు గారూ" అనబోతున్నారు, అది పోతుందేమోనని అన్నం సహించేది కాదు.

అప్పుడు రంగంలోకి దిగాడు మా చిన్న మావయ్య. అమ్మ తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి, ఏడేసి రోజులు కిందికి దిగకుండా సైకిలు తొక్కే ప్రదర్శనలిచ్చేవాడు. రావికమతంలో సైకిలు మీదే స్నానం చేసి, సైకిలు మీదే అన్నం తిని, సైకిలు మీదే కునుకు తీశాడట. (మిగతా అవసరాల సంగతేమిటని అడిగితే "అది మా కళాకారుల రహస్యం కోడలా" అని ఈ రోజుకీ దాటేస్తాడు.) ఇంటింటికీ టీవీ వచ్చాక ఆ ఆటకి జనం రావడం మానేశారు. మావయ్య మా పెరటి గదిలో దిగాడు, ఆయన సైకిలు కట్టెల మోపు పక్కన చేరింది.

అది అందరి సైకిళ్ళ లాంటిది కాదు. మామూలు సైకిలుకి వెనక చక్రంలో ఫ్రీవీలు ఉంటుంది. కాళ్ళాపినా బండి టిక్ టిక్ టిక్ మంటూ దాని మానాన అది పోతుంది. మావయ్య సైకిలుకి ఫ్రీవీలు లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరగాల్సిందే. ముందుకి తొక్కితే ముందుకి, వెనక్కి తొక్కితే వెనక్కి. టిక్ టిక్ అనే చప్పుడు లేదు. బ్రేకులు అసలే లేవు.

"నా సైకిలిత్తాను బావా, గుంటని ఎల్లనీ," అన్నాడు మావయ్య. (మా వైపు ఆడపిల్లని గుంట అంటారు లెండి.)

"బ్రేకుల్లేని సైకిలా? దాని మీద నువ్వే సర్కసు సేసుకో."

"కాళ్ళే బ్రేకులు బావా! ఆపాలంటే కాలు బిగబట్టడవే. నాను నేర్పుతాను కదేటి."

నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. తర్వాత వీధి గుమ్మంలో నిలబడి, అరుగుల మీద వాళ్ళంతా వింటుండగా తేల్చేశాడు. "సరే. శ్రీరామనవమికి పందిరి కాడ ఆడోళ్ళ సైకిలు పోటీ ఉంది కదా. ఆ సైకిలు మీద తొక్కి గెలిత్తే ఉద్యోగానికెల్లు. కాలు కింద ఎట్టేవా, ఇంక సైకిలు మాటా ఉద్యోగం మాటా ఈ గుమ్మంలో వినపడకూడదు." కాటా వేసే మనిషి మాట. అటూ ఇటూ వంగదు.

ఆ పోటీ స్లో సైకిల్ రేసు. వీధిలో సున్నంతో దారులు గీస్తారు. ఎవరి దారిలో వాళ్ళు, అందరికంటే ఆలస్యంగా గీత దాటినవాళ్ళు గెలిచినట్టు. కాలు నేలకి తగిలితే అవుట్, పక్క దారిలోకి పోతే అవుట్. ఏటేటా గెలిచేది మా వీధి చివర జాకెట్లు కుట్టే అక్క. అందరం మిషనక్క అనేవాళ్ళం. పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కీ తొక్కీ ఆవిడ పాదాలు చెప్పినమాట వినేవి. ఇక న్యాయం చెప్పే మనిషి ఎవరంటారు? ఇంకెవరు, మా నాన్నే. కాటా దగ్గర తప్పు చెప్పడు కాబట్టి గీత దగ్గరా తప్పు చెప్పడని కుర్రాళ్ళు ఏటేటా ఆయన్నే నిలబెట్టేవారు. అంటే నేను ఓడిపోవాలని కోరుకునే మనిషే నా గెలుపు చెప్పాలన్నమాట! నా తలరాత ఎంత చక్కగా కుదిరిందో చూడండి.

మార్కెట్టు సెలవు రోజు ఖాళీ యార్డులో మావయ్య పాఠం మొదలెట్టాడు. ఎక్కాను, తొక్కాను, బాగానే పోతోంది కదా అని అలవాటు కొద్దీ కాళ్ళాపాను. అంతే. పెడలు నన్ను ఎత్తి బెల్లం మరకల మీద బోర్లా వేసింది. "ఈ సైకిలు మీద కూకుని కులాసా పడ్డానికి నేదు కోడలా, సక్రం తిరిగితే కాలు తిరగాల," అన్నాడు నవ్వుతూ. నాకు ఏడుపొచ్చింది. లేచి ఆ సైకిలుని ఒక్క తన్ను తన్నాను (దానికేం కాలేదు, నా బొటనవేలు వాచింది). తర్వాత నిలబెట్టడం నేర్పాడు. ముందు చక్రం కొద్దిగా పక్కకి తిప్పి, పెడలు మీద "ముందుకో సిటికెడు, ఎనక్కో సిటికెడు" తొక్కుతూ ఉంటే బండి ఉన్నచోటే నిలబడుతుందట. ఉప్పు వేసినట్టు ఆ చిటికెడు లెక్క నాకు దొరకడానికి మోకాళ్ళు రెండూ రంగు మారాయి. ఇంటికొచ్చి నాన్న ముందు మాత్రం కుంటకుండా నడిచేదాన్ని.

నవమి సాయంత్రం వచ్చింది. పందిట్లో రాములవారి కల్యాణం అయింది. గీతకి అవతల, వీధి వాలుగా దిగేచోట, మా అమ్మ పెద్ద గంగాళం నిండా పానకం కలిపి గరిట పట్టుకుని నిలబడింది. చున్నీ నడుముకి బిగించి సైకిలెక్కాను. విజిల్ ఊదారు.

పరుగు పందెంలో భయపడ్డానికి తీరికుండదండీ. కదలకుండా నిలబడే పందెంలో భయానికి బోలెడు తీరిక. ఒక్కొక్కరే తూలి కాళ్ళు పెట్టేస్తున్నారు. జనం "ఓలమ్మా!" అని ఒకసారి, "అయ్యో!" అని ఒకసారి. చివరికి మిషనక్కా నేనూ మిగిలాం. ముక్కు మీద ఈగ వాలింది, తోలడానికి లేదు. చెమట కంట్లోకి దిగింది, తుడవడానికి లేదు. నాన్న మా దారుల పక్కన గొంతుక్కూర్చుని, ముల్లు చూసినట్టు మా చక్రాల వైపే చూస్తున్నాడు. ముందుకో చిటికెడు, వెనక్కో చిటికెడు. అంతలో బండి కొంచెం ఎక్కువ వెనక్కి జరిగింది.

"ఎనక్కెల్లింది! ఎనక్కెల్లిపోనాది, అవుటు!" అని మిషనక్క మనుషులు గోల. వీధి వీధంతా నాన్న వైపు తిరిగింది. ఒక్కమాట అంటే చాలు, ఆయన కోరుకున్నది అయిపోతుంది. కూతురు ఇంటిపట్టున ఉంటుంది, లారీల భయం ఉండదు. నాన్న నా చక్రం వైపు చూశాడు, నా కాళ్ళ వైపు చూశాడు. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

"ఎనక్కెల్లకూడదని పోటీకి ముందర ఎవుడైనా సెప్పేడా?" అన్నాడు. "కాలు నేల మీదెట్టిందా? నేదు. గీత తొక్కిందా? నేదు. మరేటి అవుటు? నోరు మూసుకుని సూడండి."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవీ తుడవడానికి లేదు. సరిగ్గా అప్పుడే జనంలోంచి ఒకావిడ, మనవరాలి పెళ్ళి పనుల్లో ఉందో ఏమో, ఉండబట్టలేక అరిచింది: "మిషనక్కా! నా జాకిట్టు అయిపోనాదేటి?"

ఏళ్ళ తరబడి అలవాటు. మిషనక్క ఠక్కున తల తిప్పి, "రేపు రా పిన్నీ!" అంది. అనడంతోపాటు కాలు కిందపెట్టేసింది.

వీధి దద్దరిల్లింది. కానీ నేనింకా గీత దాటాలి, కాలు పెట్టకుండా. మెల్లిగా తొక్కుకుంటూ పోయేదాన్నే, ఒక ఆనవాయితీ ఉండకపోతే. ఆఖరికి మిగిలిన మనిషిని కుర్రాళ్ళు కేరియరు పట్టుకుని తోసుకుంటూ గీత దాటిస్తారు. వాళ్ళకి తెలిసిన సైకిళ్ళన్నీ ఫ్రీవీలు సైకిళ్ళు. తోస్తే కాళ్ళు కదపకుండా మహారాణిలా కూర్చోవచ్చు.

"తొయ్యకండ్రొరేయ్! తొయ్యకండి!" అని మావయ్య గుండెలు బాదుకుంటున్నాడు. ఆ ఈలల్లో ఎవడికి వినపడుతుంది? బలంగా ఒక్క తోపు తోసి వదిలేశారు. పెడళ్ళు పిచ్చెత్తినట్టు తిరిగాయి. బిగబడదామంటే కాళ్ళకి అందవు, బ్రేకు వేద్దామంటే బ్రేకే లేదు. కాళ్ళు రెండూ పైకెత్తేశాను. గీత దాటాను, వాలులో పడ్డాను. ఎదురుగా పానకం. జనమంతా తలో పక్కకి దూకారు. ఒక్క మనిషి దూకలేదు. నాన్న చేతులు చాపుకుని నా సైకిలుకి ఎదురొచ్చాడు. హేండిలు పట్టుకున్నాడు, నాతోపాటు వెనక్కి వెనక్కి పరుగెత్తాడు, ఇద్దరం సైకిలుతో సహా వెళ్ళి గంగాళం మీద పడ్డాం.

"ఓలమ్మో నా పానకం!" అంది అమ్మ. (కూతురూ మొగుడూ తర్వాత.)

మిషనక్క పరుగెత్తుకొచ్చింది. "కాలెట్టీసింది బాబాయ్! నాను సూసేను!"

నాన్న నిలువెల్లా పానకంలో తడిసిపోయి కూలబడ్డాడు. మిరియాల ఘాటుకి కళ్ళు తెరవలేకపోతున్నాడు. భుజం మీది తువ్వాలుకే మొహం రాసుకుని, ఎర్రటి కళ్ళతో నా కాళ్ళని వెతికాడు. ఎడమ కాలు సైకిలు మీద వేలాడుతోంది. కుడి కాలు గంగాళంలో మోకాలి దాకా ఉంది.

"కాలు నేల మీద నేదు," అన్నాడు, బరువు చెప్పే గొంతుతోనే. "పానకంలో ఉంది. అదీ గీత దాటేక. గుంటే గెలిసింది."

అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వబోయాను, అంతలో చూశాను. హేండిలు మీద నాన్న చేతులింకా అలాగే బిగుసుకుని ఉన్నాయి. "దెబ్బ తగిలిందేటే?" అన్నాడు నాకు మాత్రమే వినబడేలా. తగల్లేదన్నాను. అప్పటికి గానీ వదల్లేదు.

సైకిలుకి ముందు బ్రేకు బిగించి (మావయ్య ఆ పూట అన్నం తినలేదు, కళకి అవమానమట), బళ్ళు తెరిచాక ఉద్యోగంలో చేరాను. ఎన్ని నీళ్ళతో కడిగినా చీమలు మాత్రం ఆ సైకిలుని చాలాకాలం వదల్లేదు. మొదటి రోజు ఊరు దాటి చెరకు తోటల మధ్యకి వెళ్ళానో లేదో, వెనక ఎక్కడో టిక్ టిక్ టిక్ మని వినిపించింది. నా సైకిలుకి ఆ చప్పుడు లేదు కదా. తిరిగి చూస్తే దూరంగా నాన్న, తన పాత సైకిలు దిగి, ఎవరిదో చెరకు తోటని ఎంతో శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు తోట బదులు కాలువ. ఆయనకి అప్పటికే ఆయాసం ఉండేది. అందుకని ఇంకాస్త ముందుగా ఇల్లు కదిలి, ముందుకో చిటికెడు వెనక్కో చిటికెడు నేర్చుకున్న ఆ కాళ్ళతోనే, వెనక వచ్చే మనిషికి అలుపు రాకుండా మెల్లిగా తొక్కేదాన్ని. నాకు ధైర్యం వచ్చిందని కాబోలు, వానలు పడేసరికి ఆయన రావడం మానేశాడు.

ఇప్పుడు నేనూ స్కూటీ మీదే బడికి వెళ్తున్నాను. నాన్న లేడు. "హేండిలు సూసుకోయే" అనేవాళ్ళూ లేరు. వాలు రోడ్డు వస్తే మాత్రం నా పిచ్చి కాళ్ళు ఇప్పటికీ పెడళ్ళ కోసం వెతుక్కుంటాయి, నాకే నవ్వొస్తుంది. ఒక్కోరోజు ఆ చెరకు తోటల దగ్గర ఏ రైతో సైకిలు మీద వెనక వస్తూ కాళ్ళాపుతాడు, టిక్ టిక్ టిక్ మని వినబడుతుంది. తిరిగి చూడను. స్కూటీ కొంచెం నెమ్మది చేస్తాను.