ఎవరి చేతి తాపీ?

మా మేస్త్రి పోయాడని కోదాడ నుంచి కబురొచ్చినప్పుడు నేను మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు గోడకు సిమెంటు పూస్తున్నాను. కబురు తెచ్చినవాడు కింద చాలాసేపు నిలబడ్డాడు. కలిపిన సిమెంటు బిగుసుకుపోతుందని అది పూసేశాకే దిగాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. సరే, చెబుతాను. ఆయన పనిమంతుడు. సూర్యాపేటలో ఆయన లేపిన గోడల్లో ఇప్పటికీ చిన్న పగులు లేదు. మంచి అక్కడితో అయిపోయింది.

ఆత్మకూరు నుంచి, సూర్యాపేటలో ఆయన కడుతున్న మిల్లు దగ్గరికి పని నేర్చుకుందామని వెళ్లిన మొదటి రోజే "మాల్ తేపోరా" అన్నాడు. తాపీ పనిలో మాల్ అంటే కలిపిన సున్నమూ ఇసుకా అని నాకేం తెలుసు? మా ఊళ్లో మాల్ అంటే షావుకారు కొట్లో సరుకు. పరుగెత్తుకెళ్లి, మిల్లు కట్టిస్తున్న షావుకారునే "మేస్త్రి మాల్ ఇయ్యమన్నడు" అని అడిగాను. ఆ రోజు నుంచి నా పేరు 'సేటు'. "ఓ సేటూ, మాల్ దిగిందా?" అంటూ సున్నపు నీళ్లు నా కాళ్ల మీద పోయించేవాడు. పుళ్లు పడేవి. ఒకసారి మా అమ్మ వచ్చి నా పేరు చెప్పి అడిగితే అక్కడ ఎవరికీ తెలియలేదు.

"సేటు వాళ్లమ్మవా? నీ కొడుకు గల్లా మీద కూసున్నడు, గాడికి పో" అని ఆయనే సున్నపు గుంట వైపు చూపించాడు. అందరూ నవ్వారు. సంగతి తెలియక, మర్యాద కోసం మా అమ్మ కూడా నవ్వింది. అందుకు నేను ఆయన్ని ఇవాళ్టికీ క్షమించలేదు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. శిష్యుడికి మొదటి తాపీ మేస్త్రి తన చేత్తో ఇవ్వాలి. కొత్త ఊళ్లో పనికి వెళితే ముందు అడిగేది "ఎవరి చేతి తాపీ?" అనే. నా వెనక చేరినవాళ్లు కోడీ కల్లూ సమర్పించుకుని తాపీ పట్టారు. నా నెత్తిన మాత్రం తట్టే. ఆయన జ్వరంతో పడుకున్నప్పుడు పనిముట్లలోంచి ఒక తాపీ తీసి గోడ కట్టాను. లేచి వచ్చి, దారానికి కట్టిన గుండు దించి గోడ నిలువు చూశాడు. తప్పు దొరకలేదు. కాలితో తన్ని పడగొట్టాడు.

"గోడ సక్కగనే ఉంది గద మేస్త్రీ," అన్నాను.

"సక్కగుంటే సరిపాయెనా? నేనియ్యంది ఎట్ల వట్టినవ్‌రా? దెబ్బకు దయ్యం గూడ వదుల్తది, నీ పొగరు వదల్దా?" అని తాపీ పిడితో వేళ్ల మీద కొట్టాడు.

దెబ్బలు తింటేనే పని వస్తుందని ఇప్పటికీ అంటుంటారు. అబద్ధం. నాకు పని వచ్చింది ఆయన మంచాన పడ్డ ఆ రోజుల్లోనే.

కమ్మరి దగ్గర తాపీ చేయించుకుని వెళ్లిపోయాను. ఎక్కడికెళ్లినా అదే ప్రశ్న. కడుపు కోసం ఆయన పేరే చెప్పాను. ఇవ్వనివాడి పేరు చెప్పుకుని ఇన్నేళ్లు బతకడం ఎంత మంటో పడ్డవాడికే తెలుసు.

పెద్దకర్మ నాడు కోదాడలో సమాధి కట్టడానికి అందరం చేరాం. ఆయన కొడుకు నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నాయిన చేతి తాపీ పట్టినోళ్లే ఇటుక పెట్టాలె. అందర్లో నువ్వే పెద్దోనివి, మొదలు నువ్వు పెట్టు."

"నాకియ్యలే తమ్మీ," అన్నాను. "మీ నాయిన నాకు తాపీ ఇయ్యలే."

నాకు పనులిచ్చే కంట్రాక్టర్లూ అక్కడే ఉన్నారు. రేపటి నుంచి పిలుస్తారో లేదో తెలియదు. పక్కకు వచ్చి నిలబడ్డాను. ఆయన ముద్దుగా తాపీ ఇచ్చిన శిష్యులు సమాధి కట్టారు. తలవైపు మూల బయటికి వంగుతోంది. ఒక్క మాట చెబితే సరిచేసేవారే. నేను చేతులు కట్టుకుని, ఆ వంకర మీద సున్నం వేసేదాకా చూస్తూ ఉన్నాను.