బిచ్కుంద మల్లేశానికి కామారెడ్డిలో కొలువు

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చుని కనుబొమలు ముడిచిన ప్రతివాణ్నీ జనం మేధావి అనుకునేవారు. నేను రోజంతా ముడిచేవాణ్ని. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ల పడుచుతనం. నేర్చుకునేవాళ్లు కరువై టైపు ఇన్‌స్టిట్యూట్ మూసేశాక, ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడి నన్ను కంప్యూటర్ సార్‌గా పెట్టుకుంది. అక్కడ సర్వర్ కోటను ఒంటిచేత్తో బద్దలు కొట్టానని మనవలకు ఇప్పటికీ చెబుతుంటాను. (కోట కాదు, తలుపు. బద్దలు కొట్టలేదు, మర్యాదగా తట్టాను.)

మా బడి పెద్దాఫీసు కామారెడ్డిలో. పాత విద్యార్థుల సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి, అక్కడి పెద్దగుమస్తా తన కంప్యూటర్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టుకున్నాడు. ఆయన్ని తాళాలన్న అనేవాళ్లం (నీళ్లకుండకు కూడా తాళం వేసే రకం). బడి వెబ్‌సైటు నడిచే సర్వర్ ఆయన పక్కగదిలోనే ఉండేది. ఆ ఫోల్డర్‌ను సర్వర్‌కు తగిలిస్తే ఎల్లారెడ్డిలోనే కాగితం తీసి ఇవ్వొచ్చు. తగిలించాలంటే సర్వర్ మొత్తానికి పెద్ద తాళంచెవి లాంటి రూట్ పాస్‌వర్డ్ కావాలి. అది సర్వర్ పెట్టిపోయిన హైదరాబాద్ సాబ్ దగ్గరుంది; ఆయన ఫోనెత్తడు. యాజమాన్యం మాత్రం ప్రతి మీటింగులో మన బడి మొత్తం ఆన్‌లైన్ అని చప్పట్లు కొట్టించుకునేది. ఆ ఆన్‌లైన్ కాగితం కోసం జనం బస్సెక్కి కామారెడ్డి పోయేవారు.

ఒక మధ్యాహ్నం పోచారం వైపు నుంచి మా పాత విద్యార్థి వచ్చాడు. దుబాయి వీసా దొరికిందట. బస్టాండు హోటల్లో కూర్చున్న ఏజెంటుకు సాయంత్రంలోగా బడి సర్టిఫికెట్ ఇవ్వకపోతే ఆ వీసా ఇంకొకడికి పోతుందట. కామారెడ్డి పోయి వచ్చేసరికి ఏజెంటు ఉండడు. "మీరే దిక్కు సారూ" అన్నాడు. నాకు తెలిసిన విద్య ఒక్కటే కాబట్టి కనుబొమలు ముడిచాను.

ముడుస్తూనే ఇంటర్నెట్‌లో వెతికితే ఎవరో పుణ్యాత్ముడు రాసిపెట్టాడు. ఫోల్డర్‌ను తగిలించక్కర్లేదు, రూట్ అక్కర్లేదు. సైటు నడిపే వెబ్ ప్రోగ్రామే తాళాలన్న కంప్యూటర్ దగ్గరికి పోయి, పేరూ పాస్‌వర్డూ చెప్పి, కావలసిన ఒక్క కాగితం అడిగి తెచ్చుకోవచ్చు. బీరువా మోసుకురావడమెందుకు, కిటికీ దగ్గర అడిగితే పోలేదా అన్నమాట. సైటు పేజీలు మార్చే అధికారం నాకుంది. కావలసిందల్లా తాళాలన్న కంప్యూటర్‌లో ఒక కొత్త యూజర్ పేరు.

ఫోన్ చేసి, మా వెబ్ ప్రోగ్రాముకు ఒక యూజర్ పేరు ఇమ్మన్నాను. మనిషి కానిదానికి రికార్డులు చూపించనని కస్సుమన్నాడు. అయితే మనిషే, కొత్తగా చేరాడు, మల్లేశం అన్నాను.

"యే ఊరోడు?"

"బిచ్కుంద."

"నోరు మంచిదేనా?"

"అడిగింది తెచ్చిచ్చుడు తప్ప మాట్లాడనే మాట్లాడడన్నా."

"గట్లాంటోడే గావాలె మనకు. గని ఇను, సూడనీకె ఇస్త, ముట్టనీకె ఇయ్య."

నాకు కావలసిందీ అంతే; మల్లేశం పేరు మీద పాస్‌వర్డ్ ఇచ్చాడు. పుణ్యాత్ముడి ప్రోగ్రాము వాక్యాలు ఎత్తి సైటు పేజీలో అతికించాను. (వాటిలో సగం నాకు ఇప్పటికీ అర్థం కావు.) సర్టిఫికెట్ తెర మీద పైనుంచి కిందికి గీత గీతగా దిగుతుంటే కుర్రవాడు తెర మీదికి వంగి తన పేరు కోసం చూశాడు. పేరు దిగింది. ప్రింటు చేతికిచ్చి, పొగడ్త కోసం కాలరు సర్దుకున్నాను.

"మల్లేశమన్నకు దండం జెప్పున్రి సారూ. నా పానం గాసిండు" అని, పక్కనే నిలబడి నా ఫోన్ మాటలన్నీ విన్న ఆ కుర్రవాడు బస్టాండుకు పరుగెత్తాడు.

వీసా దక్కింది. దుబాయి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ముందు మల్లేశమన్న ఎట్లున్నడని అడిగేవాడు. మంచిగున్నడనేవాణ్ని. ఇప్పుడైనా నా సంగతి అడుగుతాడేమోనని రిసీవరు చెవికి ఇంకాస్త అదిమిపెట్టుకున్న ఆ యాభై ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని తలచుకుంటే, పాపం, దగ్గరికి తీసుకుని వీపు తట్టాలనిపిస్తుంది.