గాజు వెనుక ముఖానికి రెండు ల్యాంపులు

ఫిబ్రవరి 9, ఆదివారం. సూర్యాపేట, మా ముందుగది. ఉన్నవారు: నేను, నా భార్య, మిర్యాలగూడ నుంచి వచ్చిన ఆమె చెల్లెలు, ఆ చెల్లెలి భర్త, బల్ల మీద గోడకు ఆనించి నిలబెట్టిన మా అత్తగారు.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. అత్తగారిని ఫొటోగా కాకుండా మనిషిగా రాసేశానని తర్వాత గమనించాను కానీ కొట్టివేయలేదు.

ఆమెకు ఉన్నది ఆ ఒక్క ఫొటోనే. మరదలు పాలు తాగే వయసులో ఉండగా ఆమె పోయారు. చెమ్మకు ఫొటో గాజుకు అతుక్కుపోయింది; విప్పితే ముఖం గాజుతో పాటే ఊడి వస్తుందని ఫ్రేములు కట్టే ఆయన ముట్టుకోలేదు. కింది అంచున మొదలైన మచ్చ ఈ ఏడు గడ్డం దాకా పాకింది. అది ముఖాన్ని తినకముందే మరదలికి ఒక కాపీ కావాలి. తల్లి ముఖం ఆమెకు ఇంకెక్కడా లేదు.

ఫోన్‌తో తీస్తే ఫ్లాష్ గాజు మీద తెల్లగా పడేది. ఫ్లాష్ ఆపితే ముఖం మీద మా కిటికీ కనబడేది. వెలుతురు ఎటునుంచి పడితే గాజు ఊరుకుంటుందో చూడాలన్న పట్టుదల నాలో మొదలైంది. నేను కాలువల డ్రాయింగులు గీసి రిటైరైనవాణ్ని. అప్పట్లో ఇంట్లో గీయడానికి కొన్న మడత చేతుల టేబుల్ ల్యాంపు అటక మీద ఉంది. గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన బెడ్‌ల్యాంపు కూడా దొరికింది. రెంటినీ ఫొటోకు చెరో పక్కన ఏటవాలుగా పెట్టాను. ఒక బల్బు పసుపు, ఒకటి తెలుపు కావడంతో ముఖం సగం పసుపు తేలింది. రెంటికీ తెల్ల ఎల్‌ఈడీలు పెట్టి, వెలుతురు మెత్తబడాలని మిగిలిపోయిన ట్రేసింగ్ పేపరు ముందు అడ్డం కట్టాను.

"గిది ఫొటో తీసుడా, బోరు మోటరు రిపేరా?" అంది నా భార్య.

మొదటి ఫొటో చూసి తోడల్లుడు నవ్వాడు. అతనిది కోదాడ. "అన్నా, అత్తగారి పక్కన బనీనుతో మీరు కూడా పడ్డారండీ!"

పాత గొడుగు నల్లబట్ట విప్పి, ఫోన్ కన్ను పట్టేంత రంధ్రం చేసి, దాని వెనుక దాక్కున్నాను. ఇప్పుడు గాజు లేనట్టే ఉంది.

"బావా, అమ్మ నుదుటి మీద గా నీడేంది?" అంది మరదలు.

అది కుంకుమ. పండుగ పండుగకూ గాజు మీద పెట్టిన బొట్టు మీదే బొట్టు పెడుతూ వచ్చాం. అది గట్టిపడి ఉబ్బింది. పక్కల నుంచి వెలుతురు పడేసరికి దాని నీడలు కనుబొమల మీదికి పరుచుకున్నాయి.

"తుడిస్తే పోతది గదా," అన్నాను.

"ముత్తైదువగ పోయింది మా అమ్మ. బొట్టు తుడుస్తరా మీరు? సెయ్యి పెట్టుండ్రి సూస్త!" అంది నా భార్య.

నేను వెనక్కి తగ్గాను. మరదలే అంది: "అక్కా, పొద్దుగాల మనం మొఖం కడుక్కొని మళ్ల బొట్టు పెట్టుకుంటలేమా? అమ్మ మొఖం నేను కడుగుత. ఒక్కపారన్న కడగనియ్యి."

నా భార్య లోపలికి వెళ్లి, తడిగుడ్డ, కుంకుమ భరిణె తెచ్చింది. గుడ్డ చెల్లెలి చేతికిచ్చి, వేలికి కుంకుమ అద్దుకుని పక్కనే నిలబడింది. "జల్ది కానియ్యుండ్రి."

మరదలు బొట్టు ఒక్కటే తుడవలేదు. నుదుటి నుంచి చెంపల దాకా మెల్లగా కడిగింది. నేను నల్లబట్ట వెనుక నుంచి చూశాను. "నడుమ ఇంకా ఉందమ్మా, ఇంకొంచెం రుద్దు."

"గాజు మీద ఏం లేదు బావా."

నిజమే. అది ఫొటోలోనే ఉంది. ఫొటో దిగిన రోజు ఆమె పెట్టుకున్న చిన్న గుండ్రని బొట్టు, దాని కింద సన్నని నిలువు గీత, గీత కొసన ఒక చుక్క. ఫోన్ మీద నొక్కాను.

నా భార్య వంగి చూసింది. కుంకుమ వేలు గాలిలోనే ఆగింది. "పచ్చబొట్టు! ఒళ్లె కూసోని గోరుతోని గీకేదాన్ని. పోతలేదని నేను ఏడుస్తుంటే నవ్వేది. యాదికే లేకపాయె."

"నవ్వేదా?" అంది చెల్లెలు.

"మస్తు నవ్వేది."

మర్నాడు పొద్దున నా భార్య తలస్నానం చేసి ఫ్రేమును మళ్లీ గోడకు తగిలించింది. కుంకుమ గాజు మీద పెట్టలేదు. పైచెక్క మీద పెట్టింది. బస్సుకు సంచి సర్దుకుంటున్న మరదలు అది చూసి భర్త వైపు తిరిగింది.

"మనింట్ల అత్తమ్మ ఫొటోకు గూడ గట్లనే పెడుతున్నం గదా. కడిగి సూద్దాం."

"మా అమ్మకి పచ్చబొట్టేం లేదులే."

"నీకు యాదికున్నదా?"

అతను నా వైపు తిరిగి, "అన్నా, ఆ ల్యాంపులు ఒకసారి ఇస్తారా?" అన్నాడు. ట్రేసింగ్ పేపరు, గొడుగు బట్ట కూడా చుట్టి ఇచ్చాను. టేబుల్ ల్యాంపు మెడ సంచిలో పట్టక, బయటికి వేలాడుతూనే మిర్యాలగూడ బస్సెక్కింది.