ఆమెకు కనపడినవాడు

జమీందారీ కాలపు ఆ పాత ప్రేమ నవలను మా ఆవిడ చదివినంత ఇష్టంగా నరసరావుపేటలో ఇంకెవరూ చదివి ఉండరు. కథానాయకుడు వచ్చే పేజీలో వేలుంచి, పుస్తకం మూసి, కాసేపు కళ్ళు మూసుకునేది. అప్పుడు నేను పిలిచినా పలికేది కాదు.

ఎనభైల్లో ఆ నవల సినిమాగా వచ్చింది. కథానాయకుడి వేషం వేసినవాడు తెల్లగా, బొద్దుగా ఉన్నాడు. నాకు లోలోపల సంతోషమే. ఆమె మాత్రం ఇంటర్వెల్‌కే లేచింది.

"ఇతనేందండీ? ఆయన చామనఛాయగా, సన్నగా ఉంటాడు. నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట పడుద్ది," అంది రిక్షాలో.

ఇంటికి రాగానే అద్దం ముందు నవ్వి చూసుకున్నాను. నాకు సొట్ట లేదు.

మర్నాడు సెలవు పెట్టి నవలంతా చదివాను. అతని రూపం గురించి ఒక్క ముక్క కూడా లేదు.

"ఇందులో సొట్టా లేదు, ఏమీ లేదు గదే! ఎవరి పోలిక అది?" అని నిలదీశాను.

మిరపకాయలకు తొడిమలు తీస్తున్న మనిషి తలెత్తి, నా వంక జాలిగా చూసింది.

"చదివేటప్పుడు కనపడతాడుగా. మీకు కనపళ్ళేదా?"

ఆమె పోయి ఆరేళ్ళయింది. బతికున్న ఏ మగవాణ్ణి చూసీ నేనంతగా కుళ్ళుకోలేదు.