పేరు పెట్టి చేసిన ప్రార్థన

మా ఆయన హౌరాకి నది అవతల ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడల బస్తాలు మోసేవాడు. కూలీల తరఫున మేస్త్రీలతో గొంతు చించుకుని చించుకుని యూనియన్ నాయకుడయ్యాడు. డెబ్బైల మొదట్లో యూనియన్ వాళ్లు అసెంబ్లీకి నిలబెట్టారు. "జనం అడుగుతన్నారే" అన్నాడు. జనం అడిగితే చాలు, ఆ మనిషికి పెళ్లాం అడిగింది వినిపించదు.

నామినేషన్ వేసిన వారానికి మా క్వార్టర్స్ గోడమీద ఆయన పేరు రాసి, దానికి అడ్డంగా ఎర్రగీత కొట్టారు. అలా పేరుకి గీత పడిన వాళ్లను పట్టపగలే నరికేస్తున్న రోజులవి. ఆయన్ని సంత్రాగాఛిలో మా చెల్లి రైల్వే క్వార్టర్‌లో దాచాం. చెల్లికీ, మరిదికీ, నాకూ తప్ప మరొకరికి తెలియదు.

మూడు వారాలు నోరు కట్టేసుకున్నాను. వీధిలో చెప్పుల చప్పుడైతే దీపం ఆర్పేసేదాన్ని.

ఆదివారం మా గుడిలో, అంటే చర్చిలో, ఆడవాళ్లం ఒక్కొక్కరం లేచి ప్రార్థన మనవి చెప్పుకోవడం మా అలవాటు. మనిషి పేరు, ఊరి పేరు, జబ్బు పేరు విప్పి చెబితేనే గాని దేవుడికి అందదన్నట్టు చెబుతాం. నాలుగో ఆదివారం లేచాను. ఏడుపు ఆగలేదు. "పెబువా, సంత్రాగాఛిలో మా చెల్లి క్వాట్రుకి కంచె ఎయ్యి తండ్రీ, నా పెనిమిటి అక్కడే ఉన్నాడు" అనేశాను. గుడంతా ఆమేన్ అంది.

కళ్లు తెరిచేసరికి, నేనెరగని మగవాళ్లిద్దరు వెనక బల్ల మీంచి లేచి వెళ్లిపోతున్నారు. ఇంకా పాస్టరు వాక్యం చెప్పడం కూడా మొదలవలేదు. నేనూ బయటికి పరుగెత్తాను.

బస్సెక్కి, హౌరాలో లోకల్ బండి పట్టుకుని సంత్రాగాఛిలో వెళ్లి పడ్డాను.

"ఏటే, ఇలగొచ్చీసినావు?" అన్నాడాయన.

"కలొచ్చింది. నిన్ను తీసుకెల్లిపొమ్మని దేవుడు చెప్పినాడు" అన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఆయన నా మొహం చూసి చొక్కా తొడుక్కున్నాడు. చెల్లి కుళాయి దగ్గరుంది, మరిది డ్యూటీలో ఉన్నాడు. వాళ్లకు జాగ్రత్త చెప్పకుండానే ఆయన్ని తీసుకుని బయటపడ్డాను. చెబితే ఎందుకని అడుగుతారని భయం.

సాయంత్రం మరిది ఇంటికొచ్చి చొక్కా విప్పుతుండగా తలుపు కొట్టారట. తలుపు తీసినవాడే తమకు కావలసినవాడనుకుని నరికేశారు. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

మా ఆయన గెలిచాడు. "దేవుడు నా భార్యకు కలలో చెప్పి నన్ను కాపాడాడు" అని ప్రతి గుడిలోనూ సాక్ష్యం చెప్పేవాడు. నేను తల దించుకుని కూచునేదాన్ని. ఎమ్మెల్యే భార్యకు ఎంత అణకువో అనేవారు.

ఒకనాడు మా వంటింట్లో బియ్యం ఏరుతూ చెల్లి అడిగింది. "అక్కా, దేవుడు నీకు చెప్పినాడు, సరే. మరి ఆళ్లకి మా ఇల్లు ఎవులు చెప్పినారే?"

"నాకేటి తెలుసు తల్లీ" అన్నాను.

అది తలెత్తలేదు, చేట్లో చెయ్యి కదుపుతూనే ఉంది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నా చెల్లితో ఒంటరిగా ఒక గదిలో కూచోలేదు.