బెండకాయ జిగురులో ఉక్కు ఛర్రా

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక వింత చూపించింది. గాజు గొట్టంలో పోసిన ఏదో జిగట ద్రవంలో ఉక్కు గుండు దిగుతూ దిగుతూ ఆగి, కాస్త పైకి లేచి, మళ్లీ దిగుతోంది. ఏదో పెద్ద ప్రయోగశాలలో తీశారట, లోకమంతా మెచ్చుకుంటోందట. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వింతను కోరుట్లలో మా వంటింటి గడప మీద కూర్చుని నేనెప్పుడో చూశాను. అటు అన్నలు, ఇటు పోలీసులు, నడుమ మా ఊళ్లు అడకత్తెరలో పోకచెక్కల్లా నలిగిన రోజులవి, మీకూ గుర్తుండే ఉంటాయి.

మా పెద్దన్న జగిత్యాల కాలేజీలో డిగ్రీ చదివేవాడు. సైకిలు చక్రంలోని ఉక్కు ఛర్రాను, అంటే బఠానీ గింజంత గుండును, ఆముదంలో వేస్తే నెమ్మదిగా, ఒకే తీరున దిగేది. అమ్మ నానేసిన బెండకాయల జిగురులో వేస్తే మాత్రం ముందు దూకుడుగా పోయి, ఎవరో వెనక్కి గుంజినట్టు ఆగి, రవ్వంత పైకి లేచేది. జిగురు రబ్బరులా సాగుతుందనీ, ఛర్రా తన ఊపుతో ముందుకు పోతుంటే ఆ సాగే గుణం వెనక్కి లాగుతుందనీ, ఛర్రా పెద్దదైతే ఈ రెండింటిలో ఏది గెలుస్తుందో తేల్చాలనీ అన్నం తింటూ కూడా అదే చెప్పేవాడు. హైదరాబాదులో పైచదువుకు సీటు వచ్చింది. చేరడానికి వారమే గడువు.

ఆ వారంలోనే పోలీసులు మా ఇల్లు సోదా చేశారు. మందుపాతరల్లో ఛర్రాలు కూరుతున్న కాలం, మా ఇంట్లో డబ్బా నిండా అవే దొరికాయి, పక్కనే సీసాలో జిగట ద్రవం కూడా. "బెండకాయ జిగురు సారూ, పొద్దుగాల నేనే నానేసిన," అని అమ్మ కాళ్లమీద పడింది. అన్న అమాయకంగా ఊపు, లాగుడు, వేగం అంటూ విడమరచి చెప్పబోయాడు, చెప్పినకొద్దీ వాళ్ల అనుమానం పెరిగింది. జీపెక్కించుకుపోయారు. వదిలేనాటికి గడువు దాటిపోయింది, అన్న కుడిచేతి వేళ్లు వంగడం మానేశాయి.

నాన్న భయపడి సిరిసిల్లలో మేనమామ దగ్గరికి పంపేశాడు. అన్న అక్కడే ఉండిపోయి, బతుకంతా మరమగ్గాల నూలుకు గంజి పట్టించాడు. గంజీ సాగుతుంది, అదీ దారాన్ని వెనక్కి లాగుతుంది. ఎందుకని మాత్రం ఆయన మళ్లీ ఒక్కనాడూ అడగలేదు.

మనవరాలి ఫోను పట్టుకుని సిరిసిల్ల వెళ్లి ఆయనకు చూపించాను. గుండు ఇంకా దిగుతుండగానే, "ఆగు చెల్లె, గిప్పుడు పైకి లేస్తది సూడు," అన్నాడు. లేచింది. ఆయన ఫోను నా చేతికిచ్చేసి, చాయ పెట్టమని వదినను కేకేశాడు.

కాలం మారిందంటారు. నిజమే, ఈనాటి పిల్లలు డబ్బాలకొద్దీ ఛర్రాలు దాచుకున్నా అడిగే నాథుడు లేడు. ఆనాడు మా అన్న చేసిన తప్పేమిటని అడుగుదామంటే, జవాబు చెప్పేవాళ్లూ ఎవరూ లేరు.