మెట్లు తీసేసిన మేస్త్రి గారు

మేస్త్రి గారు పోయారని మంగళవారం పొద్దున్నే ఫోను వచ్చింది. నిద్రలోనే పోయారట. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మా తగువు తేల్చకుండా అలా ఎలా పోతారండీ మనిషి?

ఆ సాయంత్రమే మా ఆర్టిస్టుల సంఘం వాళ్లు తమ పత్రిక సంచికకి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. “ఆయనకి మీరు బాగా దగ్గరివారు కదండీ” అన్నారు. దగ్గరా, నా మొహమా! ఆరేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు వెనక ఆయన కొట్టున్న సందులోంచి వెళ్లాల్సి వస్తే, ఎండలో చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. అడిగారు కాబట్టి రాస్తున్నాను. మంచి మాటలు ఎన్ని వస్తాయో నాకే తెలీదు.

తెలియనివాళ్ల కోసం చెప్పాలి. ఆయన పాత బేస్ గిటార్లు కొని, బాగుచేసి, అడిగినవాళ్లకి అడిగినట్టు మార్చి ఇచ్చేవారు. రెండు జిల్లాల్లో ఏ ఆర్కెస్ట్రా మూతపడినా, ఏ చర్చిలో కొత్త వాయిద్యం కొన్నా, పాతది ఆయన కొట్టుకే చేరేది. అంతకుముందు హార్మోనియాలు బాగుచేసేవారట. గోడ నిండా బేసులు వేలాడుతుంటే, కింద స్టూలు మీద లుంగీలో ఆయన, చెవి మీద ఓ పెన్సిలు ముక్క. కొట్లో ఎప్పుడూ లక్క, ఫెవికాల్ కలిసిన వాసన. నా చొక్కాలకి కూడా పట్టేసేది.

నా బేస్ కొనడానికి ఇద్దరం రైల్లో నరసాపురం వెళ్లాం. చేతులు వణికి వాయించడం మానేసిన ఓ పెద్దాయన దాన్ని అమ్ముతున్నాడు. ఎవరో దానికి పడవలకి వేసే నీలం రంగు పూశారు. అయినా చూడగానే నా ప్రాణం దాని మీదికి పోయింది. చెయ్యి చాపానో లేదో, మేస్త్రి గారు చేతిమీద ఒక్కటేశారు.

“ముట్టుకోకు. ముట్టుకుంటే ప్రేమ పుట్టుద్ది, మొహంలో తెలిసిపోద్ది.”

ఆ ఇంటి ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని లేసు అల్లుకుంటున్నారు. ఆయన వాళ్ల పక్కనే చతికిలబడి, బేస్‌ని వాసన చూసి, ద్వారబంధం వంకర చూసినట్టు ఒంటికన్నుతో దాని మెడ చూశారు. తరవాత స్క్రూడ్రైవరు తీసి నాలుగు స్క్రూలు విప్పి, మెడా ఒళ్లూ వేరు చేసేశారు. అమ్మే పెద్దాయన మొహం పాలిపోయింది. “కంగారుపడకండి, బిగించేస్తానండి” అంటూనే మెడ కింద రంగు తగలని చెక్కని నాకు చూపించారు. దాని మీద ఏ రాతా లేదు. ఇంతవరకూ ఎవడూ విప్పలేదు, మంచిదే అన్నారు.

ఆయన పద్ధతి అది. ఏ బేస్ బాగుచేసినా, మెడ కింద ఎవరికీ కనబడని ఆ చోట, దాని లోపాలన్నీ పెన్సిలుతో వరసగా రాసేవారు. సరిచేసినదాని పక్కన “అయింది” అని పెట్టేవారు. ఎందుకండీ అని అడిగాను.

“రేపు విప్పినవాడికి తెలియాలి కదా.”

“మరి వాయించేవాడికో?”

“వాడు విప్పడు. వాడికి మోగితే చాలు.”

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. ఆ నీలం రంగంతా మందుల్లేకుండా, పగిలిన గాజుముక్కతో గీకి గీకి తీశారు. మూడు వారాలు పట్టింది. లోపల్నుంచి తేనెరంగు చెక్క బయటపడింది. ఎనిమిదేళ్లు దాంతోనే బతికాను. కాకినాడ నుంచి భీమవరం దాకా మా ఆర్కెస్ట్రాలో బేస్ అంటే నేనే. “బేస్ వినపడక్కర్లేదురా, ఆగిపోతే తెలియాలి” అనేవారు. ఆ మాట నాతో అన్నందుకు ఈరోజుకీ కృతజ్ఞత ఉంది. కృతజ్ఞత అక్కడితో సరి.

ఓ దసరాకి మా వాళ్లు వాయిద్యాలన్నీ వరసగా పెట్టి పూజ చేశారు. నేను భక్తిగా నా బేస్‌కి గంధం, పసుపు రాసి, కుంకంబొట్లు పెట్టి, పైన నీళ్లు చిలకరించాను. బొట్టు ఎక్కడ పెట్టాను? తీగల చప్పుడు పట్టుకునే పికప్ మీద సరిగ్గా నడిమధ్యన. పదిరోజులకల్లా గరగర మొదలైంది. కొట్టుకి పట్టుకెళ్లాను.

“ఎవడ్రా దీనికి పేరంటం చేసింది?” అని గయ్యిమన్నారు. వారం ఆగి రమ్మన్నారు.

వారం తరవాత వెళ్తే బేస్ చేతికిచ్చారు. గరగర లేదు. మెట్లూ లేవు! మెట్లంటే మెడ మీద అడ్డంగా ఉండే సన్నని లోహపు కడ్డీలు. వేలు ఎక్కడ నొక్కాలో చెప్పేవి అవే. ఇరవై మెట్లూ పీకేసి, ఆ గాట్లలో సన్నని టేకు చెక్క పేళ్లు పెట్టి, నున్నగా తోమేశారు.

“నా మెట్లేవండీ?”

“నీ చెయ్యి వాటిమీద ఆనుకుని బద్ధకిస్తందిరా. చెవుంది కదా నీకు, వాడు. శ్రుతి తప్పితే వేలు ఇంకాస్త జరుపు, అంతే.”

“నేనడిగానా?”

“నెల్లాళ్లు వాయించి రా. అప్పటికీ కావాలంటే పెడతాను.”

నెల్లాళ్లు ఎక్కడివండీ? నాలుగో రోజే తణుకులో పెళ్లి రిసెప్షను. స్టేజీ మీద నా వేలు ఒకచోట, స్వరం ఇంకోచోట. పాడుతున్నావిడ పల్లవి మధ్యలో వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా వీపుకి గుచ్చుకుంటుంది. దిగగానే మా లీడరు, “ఏంటండీ ఇది, పాటొక పక్క, మీరొక పక్క?” అన్నాడు. తరవాతి ప్రోగ్రాం నుంచి కీబోర్డు అబ్బాయే ఎడంచేత్తో బేస్ వాయించేశాడు. ఆ సీటు మళ్లీ నాకు రాలేదు. ఇప్పుడు సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే కొట్లో కూర్చుంటున్నాను.

బేస్ తీసుకెళ్లి ఆయన స్టూలు పక్కన పెట్టేశాను. “తప్పయిందని చెప్పి, మెట్లు పెట్టి కబురు చెయ్యండి. అప్పుడొస్తాను” అన్నాను. ఆయన తలెత్తలేదు. కబురూ చెయ్యలేదు. ఇంకోటి కొనుక్కోవచ్చుగా అంటారేమో. కొనను. నాది నాకు కావాలి. తీసినాయనే పెట్టాలి. ఆ ఒక్క మాట ఆయన నోటంట వినాలి. ఆరేళ్లు కాచుక్కూర్చున్నాను, ఇదిగో ఇలా చేశారు.

కర్మకాండ అయ్యాక ఆయన భార్య, నేను పిన్నిగారనే ఆవిడ, ఫోన్ చేశారు. కొట్టు ఖాళీ చేస్తున్నాం, ఎవరివి వాళ్లు పట్టుకెళ్లమన్నారు. వెళ్లాను. నాది అదే మేకుకి ఉంది. తీగలు తుప్పు పట్టలేదు. నేనేమీ అడక్కముందే పిన్నిగారు అందుకున్నారు.

“ఇద్దరూ ఇద్దరే. ఒకళ్లు పిలవరు, ఒకళ్లు రారు. మధ్యలో దాని దుమ్ము నేను దులపాలి. తీసుకెళ్లు బాబూ, నాకు ఓపిక లేదు.”

ఇంటికొచ్చి, మెట్లు వేసేవాళ్లెవరైనా ఉన్నారా అని వాకబు చేశాను. విజయవాడలో ఓ కొట్టువాళ్లు, “మెడ ఒక్కటీ విప్పి పార్శిల్ చెయ్యండి” అన్నారు. జన్మలో మొదటిసారి ఆ నాలుగు స్క్రూలూ నేనే విప్పాను. మెడ ఊడి చేతిలోకొచ్చింది. కింద ఆయన రాత.

మెడ ముందుకి వంగింది – అయింది.
పికప్ మీద కుంకం – అయింది.
వాల్యూమ్ గరగర – అయింది.
వాణ్ణి అడక్కుండా మెట్లు తీశాను –

అక్కడ గీత ఉంది. గీత పక్కన ఏమీ లేదు. పై మూడూ గట్టి చేత్తో రాసినవి. నాలుగోది వణికింది. అంటే నేను వదిలేసి వచ్చిన తరవాత ఎప్పుడో మళ్లీ విప్పి, ఇది రాసి, మళ్లీ బిగించారన్నమాట.

నా నంబరు ఆయన ఫోన్లో ఉంది. నేను కూర్చునే కొట్టు ఆయనకి తెలుసు. ఒక్క మాట చెప్పడానికి ఈ లోకంలో ఇంకో చోటే దొరకలేదా? వాయించేవాడు విప్పడని చెప్పింది ఈయనేగా! బేస్ ఒళ్లో పెట్టుకుని పెద్దగా తిట్టాను. ఏడ్చాను కూడా. దాచడమెందుకు?

కాసేపటికి బాల్‌పెన్ను వెతికి, ఆ గీత పక్కన “ఇంకా కాలేదు” అని రాశాను. మెడ పెట్టి నాలుగు స్క్రూలూ బిగించాను. పార్శిల్ సంగతి ఆ కొట్టువాళ్లకి మళ్లీ చెప్పొచ్చు. తీగలు శ్రుతి చేసి, ఆ బోడి చెక్క మీద వేలు ఆన్చి మీటాను. స్వరం కిందికి పడింది.

వేలు ఇంకాస్త జరిపాను.